చేతికిచ్చిందా... చేతిపనికిచ్చిందా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు టీవీల్లో కూర్చునే పెద్దమనుషులకు పల్లె ఓటరు ఎప్పుడూ ఓ పొడుపుకథే. తాము కోరుకున్న పార్టీ గెలిస్తే 'ఓటరు విజ్ఞత చూపాడు' అంటారు. ఓడిపోతే 'డబ్బుకు లొంగాడు' అంటారు. ఈ రెండూ కాక మూడో మాట ఒకటుంది. 'ఇంత పెట్టాం కదా, అయినా ఎందుకు వెయ్యలేదు?' పేదల పక్షాన విధానాలు రాసేవాళ్లు, సంపద నలుగురికీ అందాలని వాదించేవాళ్లు దేశదేశాల్లో ఈ ప్రశ్నే వేసుకుంటున్నారు. తన మేలు కోరే విధానం తన గడప దాకా వచ్చినప్పుడు కూడా కష్టజీవి ఒకోసారి మొహం తిప్పుకుంటాడు. ఎందుకని?

జవాబు వెతకడానికి మనకు ఎక్కడికో పోనక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చాలు. ఒకప్పుడు మూడూ కరీంనగర్ జిల్లావే. 2016 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల రెండు జిల్లాలయ్యాయి, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వెళ్లింది. ఒకచోట పసుపు, ఒకచోట సాంచాలు, అన్నిచోట్లా బీడీల చాటలు. ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఈ మూడు శాసనసభ స్థానాల్లో 2018లోనూ, 2023లోనూ టీఆర్‌ఎస్ (తర్వాత బీఆర్‌ఎస్) అభ్యర్థులే గెలిచారు. ఆరు నెలలు తిరక్కుండానే జరిగిన 2019, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇవే ఊళ్లున్న నిజామాబాద్, కరీంనగర్ స్థానాలను బీజేపీ గెలుచుకుంది. 2023లో రాష్ట్రమంతా కాంగ్రెస్‌ను గద్దెనెక్కిస్తే ఈ మూడు చోట్లా ఆ గాలి పనిచేయలేదు.

దీనికి మతమనో, కులమనో, నాయకుడి బొమ్మనో కారణం చెప్పి లేచిపోవచ్చు. అవీ ఉన్నాయి. కానీ అంతటితో లెక్క తేలదు. ఇక్కడి జనం ప్రతి పథకాన్నీ ఒక చిన్న ప్రశ్నతో కొలుస్తున్నారు. 'ఇది నా చేతికిచ్చిందా, నా చేతిపనికిచ్చిందా?' చేతికిచ్చింది తీసుకుంటారు. కృతజ్ఞత కూడా ఉంటుంది. కానీ చేతిపనికి ఇచ్చినదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

పసుపు లెక్క

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి జరిగిన పోలింగ్ దేశమంతా వింతగా చూసింది. బరిలో 185 మంది. అందులో 178 మంది రైతులే. ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు పసుపు, ఎర్రజొన్న పండించేవాళ్లు. తలా పాతిక వేలు డిపాజిట్ కట్టి నామినేషన్లు వేశారు. గెలుస్తామని కాదు, తమ గోడు దేశానికి వినపడాలని. అన్ని పేర్లు పట్టించడానికి ఒక్కో బూత్‌లో డజను బ్యాలెట్ యూనిట్లు కలిపి పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడే మూడో మాట వాళ్లు నోరు తెరిచారు. 'రైతుబంధు ఇచ్చాం కదా!' నిజమే. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు కింద సీజనుకు ఎకరాకు 4 వేల చొప్పున ఈ రైతులకూ అందింది. ఆ ఏడాది డిసెంబరులో అదే పార్టీకి ఓటేశారు కూడా. నాలుగు నెలలు తిరిగేసరికి ఏమైంది?

ఏమీ కాలేదు. పసుపు పంట చేతికొచ్చింది, అంతే. పసుపంటే ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండే పంట. తవ్వించాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టించాలి. ఇంటిల్లిపాదీ చాకిరీ చేసి యార్డుకు తీసుకెళితే, కొమ్ము పట్టుకుని చూసి ధర చెప్పేది ఎదుటివాడు. పెట్టుబడి సాయం విత్తనానికి పనికొస్తుంది గానీ ఈ అవమానానికి మందు కాదు. రైతు అడిగింది పసుపు బోర్డు, గిట్టుబాటు ధర. అంటే తన పనికి వెల. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో పసుపు లేదు.

బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ దాదాపు 70 వేల మెజారిటీతో గెలిచారు. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. రోజుల్లో తెస్తామన్న బోర్డును ప్రధాని ప్రకటించేసరికి 2023 అక్టోబరు వచ్చింది. ఆ తర్వాతి నెలలో కోరుట్ల నుంచి శాసనసభకు పోటీ చేసిన అదే అర్వింద్ ఓడిపోయారు. 2024లో ఎంపీగా మళ్లీ గెలిచారు. నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 సంక్రాంతికి మొదలైంది. బోర్డు ఎగుమతులు చూడగలదు, నాణ్యత చూడగలదు. ధర మాత్రం ఇప్పటికీ యార్డులోనే తేలుతుంది. కాబట్టి ఈ ఖాతా ఇంకా మూయలేదు.

ఓటరు చంచలుడని ఎవరైనా అంటే ఈ వరుస చూపించండి. ఊళ్లో కిరాణా దుకాణదారు ఎవరి ఖాతా వాళ్లదే పెడతాడు, ఒకరి బాకీ ఇంకొకరి పద్దులో రాయడు. ఈ ఓటరూ అంతే. పింఛనుది ఒక పద్దు, పసుపుది ఇంకో పద్దు. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీది మరో పద్దు. 2015 డిసెంబరులో అది మూతపడ్డాక చెరకు రైతు పంట మార్చుకున్నాడు, కార్మికుడు ఊరు మార్చుకున్నాడు. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికకూ తాజాగా వస్తూనే ఉంది.

అడిగింది దానం కాదు

ఈ స్వభావం నిన్నమొన్నటిది కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేల మంది రైతు కూలీలు కదం తొక్కారు. 'జగిత్యాల జైత్రయాత్ర' పేరుతో చరిత్రకెక్కిన ఆ రోజున వాళ్లడిగిందేమిటి? వెట్టి పోవాలన్నారు. కూలి పెరగాలన్నారు. దొరల చేతుల్లో ఉన్న బంజరు భూములు దున్నేవాళ్లకు రావాలన్నారు. దండుగల పేరుతో గుంజిన డబ్బు తిరిగివ్వాలన్నారు. ఒక్కటైనా దానం అడిగింది ఉందా? అన్నీ తమ చెమట లెక్కలే. ప్రభుత్వం ఏం చేసింది? అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కూలి రేటు అడిగితే పోలీసు క్యాంపులు వచ్చాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఈ పల్లెలు అటు తుపాకీకీ ఇటు తుపాకీకీ మధ్య నలిగాయి.

అందుకే ఇక్కడ 'అభివృద్ధి', 'సమ్మిళిత వృద్ధి', 'పునఃపంపిణీ' లాంటి మాటలు చెల్లని నాణేలు. 'వెయ్యి బీడీలకు ఎంత? మీటరు బట్టకు ఎంత? క్వింటాలు పసుపుకు ఎంత?' ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే విధానమే ఇక్కడ చెల్లుతుంది.

చాట ముందు కూర్చున్నామె

వెయ్యి బీడీల సంగతే చూద్దాం. తునికాకు నానబెట్టి, కత్తెరతో మట్టంగా కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. కట్టకు 25. వెయ్యి కావాలంటే 40 కట్టలు. వంట, పిల్లల బడి, పొయ్యి మీద బియ్యం... వాటి మధ్యలోనే ఈ నలభై కట్టలూ. ఆకు నాసిరకంగా ఇచ్చి బీడీలు మాత్రం లెక్క తగ్గకుండా అడుగుతారు. బాగాలేదని పక్కన పడేసిన కట్టలకు కూలి రాదు. నడుము, కళ్లు, ఊపిరితిత్తులు మూడూ తాకట్టే.

ఈ పనికి 1966లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి వచ్చింది. బీడీల మీద వేసే సెస్సుతో ఆసుపత్రులు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు నడిచేవి. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు పోయింది. బీడీ మీద పన్ను 28 శాతమైంది. 2025 సెప్టెంబరులో దాన్ని 18కి తగ్గించాలని నిర్ణయించారు. పన్ను పెరిగినప్పుడు కంపెనీ పనిదినాలు తగ్గిస్తుంది. తగ్గినప్పుడు ఆమె కూలి దానంతటదే పెరుగుతుందా? పెరగదు.

ఇలాంటి ఇంట్లోకి 2015లో నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి వచ్చింది. 2019లో అది 2,016 అయింది. అంకె పెద్దదేం కాదు. కానీ ఒక తేడా గమనించండి. వృద్ధురాలనో, వితంతువనో, ఇంకేదో లోటును చూసి ఇచ్చింది కాదు ఇది. 'నువ్వు బీడీలు చేశావు' అని ఇచ్చింది. ఏళ్ల తరబడి ఇంట్లో ఖాళీగా ఉందనిపించుకున్న ఆడమనిషిని ప్రభుత్వం కాగితం మీద కార్మికురాలని రాసింది. ఈ ప్రాంతంలో ఆ పథకం అంతగా నాటుకోవడానికి సగం కారణం డబ్బు, సగం కారణం ఆ మాట.

మరి అదే పథకంలో ముల్లు ఎక్కడుంది? భవిష్యనిధి ఖాతా 2014 ఫిబ్రవరి 28 నాటికి ఉన్నవాళ్లకే అన్న నిబంధనలో. ఒకే వాడకట్టులో ఒకే తంబాకు పీల్చిన తోడికోడళ్లిద్దరిలో పెద్దామెకు భృతి వచ్చింది, ఆలస్యంగా ఖాతాకెక్కిన చిన్నామెకు రాలేదు. పేరు లేకుండా పక్కవాళ్ల కార్డు మీద బీడీలు చుట్టినామె ఏ లెక్కలోనూ లేదు. రానిదానికి కోపం కంటే, పక్కింటికొచ్చి తనకు రానిదానికి కోపం ఎక్కువ. ఆ కోపం బ్యాలెట్ దాకా పోతుంది. చేయూత పేరుతో పింఛన్లు 4 వేలు చేస్తామని 2023లో కాంగ్రెస్ హామీ ఇచ్చింది. 2024, 2025 రెండేళ్లూ 2,016 దగ్గరే గడిచాయి. ఆ పద్దూ ఎవరో రాసుకుంటూనే ఉంటారు.

సాంచా ఆగితే

సిరిసిల్లలో నిశ్శబ్దం అంటే భయం. సాంచాల మోత ఉంటేనే ఊరు బతికున్నట్టు. పాతిక వేలకు పైగా మరమగ్గాలున్న ఊరిది. నూలిచ్చేవాడు ఒకడు, మగ్గాలున్న ఆసామి ఒకడు, నిలబడి సాంచా నడిపే కార్మికుడు మరొకడు. నూలు ధర, కరెంటు ధర, బట్ట ధర... ఈ మూడింట్లో ఏది కదిలినా చివరికి కోత పడేది మీటరు కూలి మీదే. తొంభైల చివర్లో, రెండు వేల మొదట్లో సిరిసిల్ల పేరు పత్రికల్లో ఆత్మహత్యల వార్తలతోనే కనిపించేది. సగం ధరకు కరెంటు, అంత్యోదయ బియ్యం లాంటివి కొంత ఆపాయి. కానీ ఆకలిని ఆపడం వేరు, పని ఇవ్వడం వేరు.

2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పని మొదలుపెట్టింది. మొదటి ఏడాది చాలా చీరలు సూరత్ నుంచే తెచ్చారు. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు రోడ్డు మీదే తగలబెట్టారు. ఉచితంగా ఇచ్చిన చీర! 'పెట్టినదాన్ని ఇలా చేస్తారా' అని కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఉచితమైనా సరే, పండక్కిచ్చే చీర చీరలా ఉండాలని వాళ్ల మాట. ఆ తర్వాతి ఏళ్లలో ఆర్డరు సిరిసిల్ల సాంచాలకే దక్కింది. ఏటా దాదాపు కోటి చీరలు. చీర అందుకున్నామెకు అది పండగ కానుక. నేసినవాడికి మాత్రం నెలల తరబడి పని, లెక్క ప్రకారం కూలి. ఒకే పథకం ఒకచోట చేతికి, ఇంకోచోట చేతిపనికి!

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. పాత బిల్లుల బకాయిలు అలాగే ఉన్నాయి. సాంచాలు ఆగాయి. కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. వేములవాడకు నూలు డిపో మంజూరైంది. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇందిరా మహిళా శక్తి చీరల పేరుతో ఆర్డర్లొచ్చాయి, 2025 నవంబరులో పంపిణీ మొదలైంది. సాంచాకు చీర పేరుతో పనిలేదు. పేరు మారేలోపు గడిచిన నెలలకు జవాబు చెప్పేవాళ్లు మాత్రం లేరు. కొనేవాడు ఒక్కడే ఉండి, ఆ ఒక్కడూ ఐదేళ్లకోసారి మారేవాడైతే కార్మికుడి బతుకు ఎన్నికల క్యాలెండరుకు కట్టేసినట్టే.

ఇదే పద్ధతి అక్కడా

ఇది మన పల్లెల వింత అనుకుంటే పొరపాటు. మన పిల్లలు ఉద్యోగాలకెళ్లిన అమెరికా చూడండి. 2018 నవంబరులో మిస్సోరి రాష్ట్ర ఓటర్లు కనీస వేతనాన్ని దశలవారీగా గంటకు 12 డాలర్లకు పెంచాలన్న ప్రతిపాదనను దాదాపు 62 శాతంతో గెలిపించారు. అదే బ్యాలెట్ మీద, కార్మికుల పక్షమని చెప్పుకునే డెమొక్రటిక్ పార్టీ సెనేటర్‌ను ఓడించారు. 2020లో ఫ్లోరిడా ఓటర్లు 15 డాలర్ల వేతనానికి 61 శాతం మద్దతిచ్చి, రాష్ట్రాన్ని ట్రంప్‌కిచ్చారు. విధానం నచ్చింది, దాన్ని మోసుకొచ్చే పార్టీ నచ్చలేదు. కూలి పెంచడం మా హక్కు అన్నారు. మా మీద జాలిపడే మనుషులు మాకొద్దన్నారు. కోరుట్ల రైతుకూ, మిస్సోరి కార్మికుడికీ భాష కలవదు గానీ లెక్క కలుస్తుంది.

ఇక్కడ 'ఉచితాలు' అన్న మాట గురించీ చెప్పుకోవాలి. 2022 జూలైలో ప్రధాని నరేంద్ర మోదీ నువ్వుల మిఠాయి పంచినట్టు పంచుతున్నారంటూ 'రేవడీ సంస్కృతి'ని విమర్శించారు. రైతులకు ఏడాదికి 6 వేలిచ్చే పథకాన్ని 2019లో తెచ్చింది కూడా ఆయన ప్రభుత్వమే. అందరూ పంచేవాళ్లే అయినప్పుడు పంచడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఎక్కడికీ పోదు. దేన్ని చూసి పంచుతున్నారన్నదే అసలు సంగతి. రైతుబంధు పట్టా పుస్తకాన్ని చూసింది. భూమి ఎక్కువున్నవాడికి ఎక్కువ వచ్చింది, హైదరాబాద్‌లో ఉన్న పట్టాదారుకూ వచ్చింది. ఆ భూమిని కౌలుకు దున్నేవాడికి రాలేదు. భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలంటూ ఆత్మీయ భరోసా మొదలవడానికి 2025 జనవరి దాకా పట్టింది. కాగితాన్ని చూసే పథకం కాగితమున్నవాడినే చూస్తుంది.

పనిని చూసే పథకం సంగతి వేరు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం చేసిన ఉచిత కరెంటు చూడండి. ఎన్ని ప్రభుత్వాలు మారాయి! ఎవరైనా తీసేయగలిగారా? 2018 జనవరి నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. దాని లోపాలు దానికున్నాయి. పాతాళగంగను తోడేస్తుందన్నదీ నిజమే. కానీ అది మోటారుకు, అంటే రైతు పనికి అతుక్కుంది.

చట్టమైతేనే నిలుస్తుంది

పనికి అతుక్కోవడం ఒక్కటే చాలదు. బియ్యం కథ అదే చెబుతుంది. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయలకిచ్చారు. తొంభైల్లో అది 3.50 అయింది, తర్వాత 5.25 అయింది. 2008లో మళ్లీ 2కు దిగింది. 2011లో రూపాయైంది. పాతికేళ్లకు పైగా పేదవాడి అన్నం ధర ముఖ్యమంత్రి కుర్చీతో పాటు పైకీ కిందికీ ఊగింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక ఆ ఊగిసలాట ఆగింది. ఇప్పుడు సన్నబియ్యమా దొడ్డుబియ్యమా అని పోటీ పడుతున్నారే గానీ ఇవ్వాలా వద్దా అన్న మాట లేదు. దయ హక్కుగా మారితే ఇలా ఉంటుంది. సాంచా కార్మికుడికీ, బీడీ అక్కకూ, పసుపు రైతుకూ ఇంకా దక్కనిది ఇదే.

పేదల పక్షాన మాట్లాడే ఏ పార్టీకైనా ఈ మూడు ఊళ్లు చెప్పేది పెద్ద సిద్ధాంతమేం కాదు. బీడీ భృతికి పాత తేదీ అడ్డుగోడ తీసెయ్యండి, చుట్టిన ప్రతి చేతినీ లెక్కలోకి తీసుకోండి. సర్కారు బడుల యూనిఫాం, ఆసుపత్రుల దుప్పట్లు, పండగ చీరలు... ప్రభుత్వం ఏటా ఎలాగూ కొనే బట్టలో సిరిసిల్ల వాటా ఇంతని, బిల్లు ఇన్ని రోజుల్లో చెల్లించాలని చట్టంలో రాయండి. పసుపు ధర పడిపోయినప్పుడు బోర్డు ఏం చేస్తుందో పంట వేసేముందే చెప్పండి. సాయం పట్టా చూసి కాదు, నాగలి చూసి ఇవ్వండి. వీటిలో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడాల్సింది కాదు. ప్రతిదానికీ ఒక అంకె, ఒక తేదీ ఉంటాయి. అంకె, తేదీ లేని హామీ ఏదైనా సరే, ఈ ఊళ్లలో దాన్ని హామీ అనరు.

వచ్చే శాసనసభ ఎన్నికలు 2028లో. అప్పటికి కోరుట్లలో నలభై ఏళ్లుగా చాట ముందు కూర్చున్న చిన్న తోడికోడలికి అరవై దాటుతాయి. చూపు మందగిస్తుంది, వేళ్లు మొరాయిస్తాయి, రోజుకు వెయ్యి సాగవు. ఓటడగడానికి వచ్చిన ప్రతివాడూ అవ్వా, అమ్మా అంటూ దండం పెడతాడు. ఆమె అడగబోయేది ఒకటే. 'బిడ్డా, నేను ఇన్నేండ్లు చేసింది పనేనా, కాదా?'

దానికి అవునని రాతపూర్వకంగా చెప్పగలిగినవాళ్లే ఆ గుమ్మం ముందు కాస్త ధైర్యంగా నిలబడగలరు.